గిన్నె కింద నల్లరాయి

నల్లరాయి ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే, అడిగిన మనిషిని బట్టి నేను జవాబు చెప్పేవాణ్ణి. కొత్తగా పెళ్ళయిన జంట వస్తే అది చందమామ కార్చిన కన్నీటిబొట్టు. బొజ్జ ఆసామి వస్తే, రెండు చుక్కలు కుమ్ములాడుకున్నప్పుడు ఊడిపడ్డ పన్ను. పిల్లలొస్తే మాత్రం అసలు కథ తీసేవాణ్ణి: ఒకప్పుడు ఆకాశానికి చిల్లు పడితే మా తాత నిచ్చెనేసుకుని ఎక్కి తారు పూశాడనీ, ఆయన చెయ్యి వణికి కారిన తారుచుక్కలే కిందపడి గట్టిపడ్డాయనీ.

"మరి నిచ్చెన ఏదీ?" అని ఒక పిల్ల అడిగింది.

"దిగొచ్చాక నరికి పొయ్యిలో పెట్టేశాం" అన్నాను.

ఆ పిల్ల మా మేనల్లుడి కూతురు. అప్పటికి దానికి సరిగా చెప్పులు కూడా తొడుక్కోవడం రాదు. అయినా నిచ్చెన సంగతి అడగాలని తోచిన బుర్ర ఆ ఇంటి మొత్తానికీ దానిదొక్కటే.

దుకాణం మా బావది. రాళ్ళు ఆయనవి, నోరు నాది. మా అక్కని చేసుకున్నప్పుడు ఆమెతోపాటు నేనూ ఆయనకి అంటుకొచ్చాను. అక్క పోయింది, నేను మిగిలాను. "మంచిది ముందు పోతుందిరా, మొండిది మిగుల్తుంది" అంటాడు బావ, నాకు టీ పోస్తూ. ముందు ఒక గది, అందులో గీతలు పడ్డ బల్ల, గోడ పొడవునా చెక్క అరలు, అరల మీద పాత డబ్బా మూతల్లో రాళ్ళు. వెనకున్న రెండు గదులే ఇల్లు. వాన పడితే ముందు గదిలో ఒక మూల కారుతుంది. ఆ మూలన ఎప్పుడూ ఒక బకెట్టు.

మా ఊరి చుట్టూ ఉన్న ఎర్ర కంకరనేలల్లో దొరుకుతాయి ఈ రాళ్ళు. చేతిలోకి తీసుకుంటే బొగ్గుముక్క అనుకుంటారు. ఎండకి అడ్డంపెట్టి చూస్తే పల్చటి అంచు దగ్గర డికాషన్ రంగు వెలుగు కనిపిస్తుంది. అది గాజు. మనుషులు చెయ్యని గాజు. ఒళ్ళంతా మశూచి పోసిన మొహంలా గుంటలు. గట్టి వాన కురిసి వెలిసిన మర్నాడు పొద్దున్నే, ఎండ ఇంకా వాలుగా ఉండగా, సూర్యుడికి ఎదురుగా నడుస్తూ వెతకాలి. అప్పుడే తడిరాయి తళుక్కుమంటుంది. సూర్యుడికి వీపు పెట్టినవాడికి కంకర తప్ప ఏమీ కనపడదు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ కళ్ళు చికిలించుకునే అలవాటు. ఇంట్లో పెళ్ళాన్ని కూడా అలాగే చూస్తారు.

వారానికోసారి బస్టాండు వెనక ఖాళీ జాగాలో టార్పాలిన్ల కింద రాళ్ళ సంత. ఆ సంతలో మా బావని అందరూ డేగకన్ను అనేవాళ్ళు. సీసాలు కరిగించి, అచ్చుల్లో పోసి, నల్లరాళ్ళని చెప్పి అమ్మే దొంగలు బయల్దేరిన రోజులవి. రాయి మీద అనుమానం వస్తే తెచ్చి బావ ముందున్న సత్తుగిన్నెలో వేసేవాళ్ళు. ఆయన దాన్ని తీసి, ఎండలో తిప్పి, చెంపకి ఆనించి దొర్లించి, చివరికి తీర్పు చెప్పేవాడు. నోటితో కాదు. రాయిని మళ్ళీ గిన్నెలో వేసి ముందుకు జరిపితే అసలుది. కింద గుడ్డ మీద పెట్టి దానిమీద గిన్నె బోర్లిస్తే గాజు. బోర్లించాక వాదన లేదు. సరుకు తెచ్చినవాడే గిన్నె ఎత్తి, రాయి తీసుకుని, మురిక్కాలవలో పారేసి రావాలి. అప్పుడే వాణ్ణి మళ్ళీ సంతలో కూర్చోనిస్తారు. ఈ పద్ధతి పెట్టింది బావే.

"గుంట పడని రాయినీ, ముడత పడని ముసలి మొహాన్నీ నమ్మకండిరా" అని ఆయన చెప్పే మాట సంతంతా బట్టీ పట్టింది. పెచ్చు ఊడిన రాయిని గిన్నెలో వెయ్యనిచ్చేవాడు కాదు. పెచ్చూడితే చచ్చిన రాయి. శవానికి జాతకం చెప్పనంటాడు.

అలాంటి మనిషి ముందుకి ఒకరోజు ఆయన కొడుకు తెచ్చిన రాయే వచ్చింది.

మా మేనల్లుడు మాటలు తక్కువ మనిషి. మేనమామ పోలిక ఒక్కటీ రాలేదు. నిచ్చెన సంగతి అడిగిన పాప అప్పటికింకా ఉయ్యాల్లో ఉంది. వాడు తెచ్చిన రాయి అచ్చం కోటు గుండీలా ఉంది. మధ్యలో బొడిపె, చుట్టూ టోపీ అంచులాంటి పల్చటి అంచు, దాని మీద వెంట్రుకలంత సన్నటి వలయాలు. ఒక్క గుంట లేదు. పట్టుబట్టతో తుడిచినట్టు నున్నగా ఉంది.

సంతలో పెద్ద వ్యాపారి ఒకాయన ఉన్నాడు. గొంతు బొంగురు, బొంగురాయన అంటారు. ఆయన దాన్ని చూసి నవ్వి, తెచ్చి గిన్నెలో వేశాడు.

"మీవాడి సరుకేనండీ డేగకన్ను గారూ. సొంతవాడి సంగతి మీకెందుకు లెండి, మమ్మల్ని చూసుకోమంటే మేమే చూసుకుంటాం" అన్నాడు.

ఆ మాటలో ముల్లుంది. అది బావకి తగలాల్సిన చోటే తగిలింది. ఆయన రాయిని ఎండలో తిప్పాడు, చెంపకి ఆనించాడు. మామూలుకంటే తొందరగా గుడ్డ మీద పెట్టి గిన్నె బోర్లించాడు.

"నాన్నా" అన్నాడు వాడు. "ఎండిన ఉప్పు చెరువు అడుగు బంకమట్టిలో నా చేత్తో తవ్వాను."

బావ తలెత్తలేదు. వాడు గిన్నె ఎత్తలేదు, రాయి తీసుకోలేదు. చెప్పులు తొడుక్కుని సంతలోంచి వెళ్ళిపోయాడు.

గిన్నె ఎత్తనివాడితో బేరం చెయ్యకూడదు. ఎవరూ చెయ్యలేదు. వాడు పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని పక్క ఊళ్ళో సీసాల ఫ్యాక్టరీలో చేరాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, ఇక సీసాల ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి ఏమంటారు? "చూశారా, గాజుపని ముందే వచ్చు వాడికి!" అంది సంత. అక్కడ వాడి పని కొలిమిలో ఇసక పోయడం. ఆ ఇసకదుమ్మే ఛాతీ పట్టేసింది. ఆస్పత్రిలో బావ రోజూ వాడి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. "మందేసుకున్నావా?" అంటాడు ఈయన. "ఆఁ" అంటాడు వాడు. ఇద్దరి మధ్యా ఆ రాయి ఉంది. ఇద్దరూ దాని పక్కనుంచి ఒద్దికగా నడిచేవారు, నిద్రపోతున్న కుక్కని తప్పుకుని వెళ్ళినట్టు. అలాగే వాడు పోయాడు.

కోడలూ మనవరాలూ బావ ఇంటికొచ్చేశారు. కోడలు నగల దుకాణంలో టంకం పని చేస్తుంది. తెగిన గొలుసులు, ఊడిన కొక్కేలు ఇంటికి తెచ్చుకుని, కిటికీ దగ్గర చిన్న బల్లేసుకుని గ్యాస్ టార్చితో అతుకుతుంది. నన్ను బాబాయ్ అంటుంది. ఆ ఇంట్లో నా కబుర్లకి నవ్వేది ఆవిడొక్కతే. అదీ సగం.

ఇక ఆ రాయి. సంతనాడు బావ దానికింద ఒక రేకు జొనిపి, బోర్లించిన గిన్నెతో సహా ఇంటికి మోసుకొచ్చి పైఅర మీద పెట్టాడు. సంతకి వేరే గిన్నె కొన్నాడు. పైఅర గిన్నెని ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. కోడలు అర దులిపినప్పుడు గిన్నె చుట్టూ దులిపేది.

ఈ వానాకాలం మొదట్లో మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది. భుజాన సంచీ, మోకాళ్ళ దాకా బురద. కొత్తగా పెట్టే హాలుకి నల్లరాళ్ళు కావాలంది. నేను సంబరంగా చందమామ కన్నీళ్ళు మొదలెట్టాను. ఆ అమ్మాయి చివరిదాకా మర్యాదగా విని, "బాగుంది తాతగారూ. కానీ ఇవి ఆకాశం నుంచి వచ్చినవి కావండీ" అంది.

"మరి?"

"భూమి మన్నే. ఎప్పుడో ఒక పేద్ద ఉల్క భూమిని గుద్దింది. ఆ వేడికి నేలా ఇసకా కరిగి పైకి చిమ్మాయి, గాలి కూడా లేనంత ఎత్తుకి. అక్కడ చల్లారి గాజై, మళ్ళీ కిందపడ్డాయి."

"అంటే ఊరొదిలి పారిపోయినవాడు బాగా నల్లబడి తిరిగొచ్చాడన్నమాట" అన్నాను. మా తాత నిచ్చెన ఆ క్షణాన పెళపెళ విరిగింది. పైకి కనపడనివ్వలేదు.

"అంతే అనుకోండి" అని నవ్వింది. "కొన్ని పడేటప్పుడు గాలి ఒరిపిడికి ముందువైపు మళ్ళీ కరిగి, పక్కలకి జారి, టోపీ అంచులా గడ్డకడతాయి. అలాంటివి చాలా అరుదు. ఇక్కడి రాళ్ళకి గుంటలెక్కువ, ఆ అంచులు మిగలవు."

బావ కుర్చీలో కదిలాడు. "గుంటలు పుట్టుకతో వచ్చేవి" అన్నాడు.

"కాదండీ. మట్టిలో పులుపు, వాననీళ్ళు తినేసిన గుర్తులవి. పులుపు లేని పొడిమట్టిలో పడితే ఎన్ని యుగాలైనా నున్నగానే ఉంటాయి. కిందటేడు ఉప్పు చెరువుల్లో తవ్వితే దొరికాయి. కోటు గుండీల్లా ఉన్నాయి."

కిటికీ దగ్గర టార్చి ఆరింది. కోడలు లేచి వచ్చింది. స్టూలు లాక్కుని, ఎక్కి, పైఅర మీద గిన్నె ఎత్తి పక్కన పెట్టింది. రేకుతో సహా రాయి తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఇలాగా?" అంది.

మ్యూజియం అమ్మాయి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చిన్న భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది. "ఇలాగే. కానీ చూసి ఒట్టేసి చెప్పలేను. ఈ మధ్య అచ్చులు కూడా బాగా పోస్తున్నారు. ఒక పెచ్చు ఇస్తే పరీక్ష చేయిస్తాం. అసలుదైతే సీసాగాజు కరిగే వేడికి లొంగదండీ, అంత మొండిది."

బావ లేచి ఆమె చేతిలోంచి రాయి తీసుకున్నాడు. "అమ్మడానికి కాదు, విరగ్గొట్టడానికీ కాదు" అన్నాడు. స్టూలు ఎక్కలేక నా చేతికిచ్చి పెట్టించాడు. మళ్ళీ గిన్నె బోర్లించమన్నాడు. బోర్లించాను.

అది జరిగిన కొద్దిరోజులకి పాప బడినుంచి సంచీ పట్టీ తెంపుకుని వచ్చింది. ఎవరినో కొట్టిందట. ఎందుకే అంటే చెప్పలేదు. నేను మా తాత ఒకసారి ఉరుముని పట్టుకుని సంచిలో కట్టిన కథ సగం దాకా చెప్పాక అప్పుడు అంది. "నన్ను సీసాపిల్ల అంటున్నారు తాతా. మా నాన్న సీసాలు కరిగించి రాళ్ళని అమ్మేవాడట. బొంగురు తాత మనవడు చెప్పాడు."

ఆ పూట అన్నాలు తింటూండగా కోడలు మాట తీసింది. "మామయ్యా, మా అక్క వాళ్ళ ఊరు రమ్మంటోంది. అక్కడ నగల కార్ఖానాలో పని ఉందట."

"ఇక్కడ పనికేం తక్కువ?" అన్నాడు బావ.

"పనికి తక్కువ కాదు. దాని నాన్న గురించి ఇది ఏం వింటూ పెరగాలో నేను తేల్చుకోవాలి. ఆ రాయి సంగతి తేల్చండి. అది గాజే అయితే నోరు మూసుకుని ఈ ఇంట్లోనే పడుంటాను, పాపకి నేనే చెప్పుకుంటాను. రాయైతే, గిన్నె ఎక్కడ బోర్లించారో అక్కడే, అందరి ముందూ తిరగెయ్యండి. మీరు ఏదీ చెయ్యకపోతే మాత్రం సెలవుల్లో వెళ్ళిపోతాం."

బావ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. తినలేదు.

తర్వాత ఇద్దరం దుకాణం అరుగు మీద కూర్చున్నాం. వాన పడుతోంది. బకెట్లో చుక్కలు టకటకమంటున్నాయి.

"ముందు నుయ్యి వెనక గొయ్యి అయిందిరా నా పని" అన్నాడు.

"నుయ్యే నయం బావా, నీళ్ళయినా ఉంటాయి."

ఆయన నవ్వలేదు. "అది గాజైతే నా కొడుకు దొంగ. గాజు కాకపోతే..." అని ఆగిపోయాడు. అరచేతులు రెండూ ముందుకు చాపి చూసుకున్నాడు, వాటిలో ఏదో ఉన్నట్టు. "ఇన్నాళ్ళూ అది గాజు కావాలనే కోరుకున్నానురా. తెలుసా? కన్నకొడుకు దొంగ కావాలని కోరుకున్న తండ్రిని ఎక్కడైనా చూశావా?"

నా దగ్గర ప్రతి మాటకీ ఒక కథ ఉంటుంది. దానికి లేదు.

రెండు రోజులు ఆయన దుకాణం తలుపు సగమే తీశాడు. మూడోనాడు మధ్యాహ్నం, బయట మబ్బు పట్టి పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చిన పూట, "ఆ గిన్నె దింపరా" అన్నాడు. రాయి పట్టుకుని కిటికీ దగ్గర కోడలి బల్ల ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఆమె అతుకుతున్న గొలుసు పక్కన పెట్టింది. కాలిన ఇటుకముక్క ముందుకు లాక్కుంది.

"ముందు సీసాముక్క పెట్టు" అన్నాడు బావ. "తర్వాత అసలురాయి పెచ్చు. ఆ తర్వాత..."

అరల మీంచి గుంటల రాయి ఒకటి తీసి తనే సుత్తితో పెచ్చు ఊడగొట్టాడు. కొడుకు రాయిని పట్టకారుతో పట్టుకున్నాడు. టోపీ అంచు చివర, చేతులు వణక్కుండా, ఒక్క నొక్కు. టిక్‌మంది. అంత చిన్న చప్పుడికి పాప పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

కోడలు టార్చి వెలిగించింది. నీలం మంట సన్నగా బుసకొట్టింది. సీసాముక్క మంట తగిలీ తగలగానే పచ్చగా వెలిగి, మంచం మీదికి ఒరిగే మనిషిలా ఒళ్ళు వదిలేసి, చిన్న గుండ్రటి చుక్కయి కూర్చుంది. తర్వాత గుంటల రాయి పెచ్చు. ఎర్రబడింది, నిప్పుకణికలా అయింది, అంచులు మాత్రం కత్తుల్లా అలాగే నిలబడ్డాయి. మంట తీస్తే మళ్ళీ నల్లబడింది.

ఆమె కొడుకు రాయి పెచ్చుని ఇటుక మీద పెట్టి మంట తిప్పింది.

ఎర్రబడింది. ఆమె మంట ఇంకా దగ్గరికి తెచ్చింది. పెచ్చు ఇంకా ఎర్రబడింది, నారింజరంగుకొచ్చింది. ఒరగలేదు, కరగలేదు. విరిగిన చోట పదును అలాగే ఉంది. ఆమె మంట తియ్యలేదు.

"చాలమ్మా" అన్నాడు బావ.

ఆమె తియ్యలేదు. పళ్ళు బిగబట్టి, అదొక్కసారి కరిగితే అందరికీ సుఖమన్నట్టుగానో, కరగకూడదన్నట్టుగానో, అలా పట్టుకునే ఉంది. గ్యాస్ అయిపోయి మంట దగ్గి దగ్గి ఆరింది. ఇటుక మీద పెచ్చు మెల్లగా నల్లబడింది.

బావ కింద కూర్చుండిపోయాడు. కుర్చీ రెండడుగుల దూరంలోనే ఉంది.

"నాకు ముందే తెలుసు మామయ్యా" అంది కోడలు, టార్చి బల్లమీద పెడుతూ. "అబద్ధం చెప్తే ఆయనకి చెవులు ఎర్రబడతాయి. ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఎర్రబడలేదు. ఆ రోజు మీరు రాయిని చూశారు గానీ, ఆయన మొహం చూడలేదు."

సంతనాడు బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పాత సత్తుగిన్నె సంచిలో పెట్టుకున్నాడు. కోడలు పాప చెయ్యి పట్టుకుని వెనకాలే వచ్చింది. టార్పాలిన్ల కింద నీళ్ళు నిలిచి, ఇటుకల మీద అడుగులేసుకుంటూ నడవాల్సి వచ్చింది. ఆయన గుడ్డ పరిచాడు. రాయి పెట్టి దానిమీద గిన్నె బోర్లించాడు. జనం మూగారు. బొంగురాయన కూడా వచ్చాడు. ఆయన జుట్టూ ఇప్పుడు తెల్లబడింది, గొంతు మాత్రం అలాగే ఉంది.

బావ తన చేత్తో గిన్నె ఎత్తాడు. రాయిని అందులో వేసి ముందుకు జరిపాడు.

"ఇది నా కొడుకు తవ్విన రాయి. అసలుది. ఆ రోజు తప్పుగా చూశాను" అన్నాడు. గిన్నె దగ్గర ఆయన నోటితో తీర్పు చెప్పడం ఆ సంత వినడం అదే మొదటిసారి.

బొంగురాయన వంగి రాయి తీసుకుని ఎండకోసం అటూ ఇటూ చూశాడు. ఎండ లేదు. వేలితో రాశాడు.

"గుంట పడని రాయినీ, ముడత పడని ముసలి మొహాన్నీ..." అన్నాడు మెల్లగా. "మీరు నేర్పిందే కదండీ."

"నేర్పింది తప్పు. గుంటలు మట్టిలో పులుపు వల్ల వస్తాయి. పులుపు లేని మట్టిలో..."

వెనకెవరో కిసుక్కుమన్నారు. "రాళ్ళకి ఊరగాయ పెడుతున్నాడ్రా" అన్నారు.

"మంటలో పెట్టి చూశాం. కరగలేదు" అన్నాడు బావ.

బొంగురాయన వేలు విరిగిన అంచు దగ్గర ఆగింది. "పెచ్చు తీశారా? చచ్చిన రాయిని తెచ్చి గిన్నెలో వేశారా, అదీ మీరు?" ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. ఉంటే బాగుండేది. జాలి ఉంది. రాయిని గిన్నెలో పెట్టి బావ భుజం మీద చెయ్యేశాడు. "కాకిపిల్ల కాకికి ముద్దు. ఎవరి కొడుకు వాళ్ళకి... పోయినవాణ్ణి మేమేం అనం లెండి. వయసు మీద పడింది, కళ్ళు అలిసిపోయాయి. కూర్చోండి. ఒరేయ్, పెద్దాయనకి టీ పట్రండ్రా."

నాకు ఆగలేదు. జనంలోకి దూరి మొత్తం చెప్పాను. ఉల్క గుద్దడం, మన్ను కరగడం, గాలి లేని చోటికి ఎగరడం, తిరిగి పడేటప్పుడు టోపీ అంచు రావడం, అన్నీ. మ్యూజియం అమ్మాయి చెప్పినదానికి ఒక్క ముక్క కలపలేదు.

"అబ్బో! ఈసారి మీ తాత నిచ్చెనెక్కలేదేం?" అన్నారు. అందరూ నవ్వారు.

ఆ సంతలో కల్పించకుండా నేను చెప్పిన మొదటి కథ అదే. ఒక్కడూ నమ్మలేదు.

టీ వచ్చింది. బావ పుచ్చుకుని తాగాడు. తాగకపోతే కోపమొచ్చిందంటారని తాగాడు. గ్లాసు కింద పెట్టి గిన్నె సంచిలో వేసుకున్నాడు.

సెలవులు రాగానే కోడలు పెట్టె సర్దింది. బావ గుమ్మంలో నిలబడి చూశాడు. "తిరగేశాను కదమ్మా" అన్నాడు.

"తిరగేశారు మామయ్యా. మీ వంతు మీరు చేశారు. నాకు మీ మీద కోపం లేదు" అని టార్చిని పాతచీరలో చుట్టింది. "కానీ వాళ్ళు నమ్మలేదు. వచ్చే ఏడూ ఇది ఆ బడికే వెళ్ళాలి. వెళ్ళి రోజూ ఎంతమందిని కొడుతుంది?"

కోపం ఉండుంటే బతిమాలుకోవచ్చు. కోపం లేని మనిషిని ఏమని బతిమాలతాం?

బస్టాండులో రాయిని రుమాల్లో కట్టి పాప చేతికిచ్చాడు. "మీ నాన్నది. పారేసుకోకు" అన్నాడు. ఇంకేదో అనబోయి, సామాను పైకెక్కించే నెపంతో అవతలికెళ్ళాడు.

పాప నా వేలు పట్టుకుంది. "తాతా, ముత్తాత తారు పూసింది నిజం కాదు కదా? ఆ మ్యూజియం ఆంటీ చెప్పింది."

"కాదు."

"మరి నాన్న దీన్ని తవ్వింది?"

"అది నిజం."

"నిచ్చెన లాంటి నిజమా?"

ఇంత పొడుగు నాలుక ఉండీ ఏం లాభం? "కాదే తల్లీ" అన్నాను. "నిచ్చెన లేని నిజం."

అది నా మొహంలోకి కాసేపు చూసింది. నా చెవులకేసి కూడా చూసింది, వాళ్ళమ్మ నేర్పినట్టుంది. తర్వాత రుమాలు గౌను జేబులో పెట్టుకుని బస్సెక్కింది.

ఇప్పుడు ఆ ఇంట్లో బావా, బకెట్టూ, నేనూ. ఆయన సంతకి వెళ్ళడం మానేశాడు. మొదట్లో అలవాటు కొద్దీ కొందరు అనుమానం రాళ్ళు ఇంటికే తెచ్చేవారు. ఆయన ఎండలో తిప్పుతాడు, చెంపకి ఆనిస్తాడు, గిన్నెలో వేసి ముందుకు జరుపుతాడు. ఏది తెచ్చినా అంతే. అచ్చులో పోసిన గాజు తెచ్చినా అంతే. గిన్నె బోర్లించడం లేదు. డేగకన్ను పోయిందని ఊరంతా తెలిసిపోయి, వచ్చేవాళ్ళు తగ్గి, చివరికి ఎవరూ రావడం లేదు.

నాకు ఊరుకోబుద్ధి కాక మొన్న రోడ్డు పక్కన దొరికిన సోడాసీసా పెంకు తెచ్చి గిన్నెలో వేశాను. ఆకుపచ్చది. పుట్టుగుడ్డివాడు తడిమి చెప్పగలడు అదేమిటో. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తిప్పి చూశాడు. అంచు కోసుకుపోకుండా జాగ్రత్తగా చెంపకి ఆనించాడు. వచ్చి, దాన్ని గిన్నెలో వేసి నావైపు జరిపాడు.

"బావా, అది సోడాసీసా."

"తెలుసు" అన్నాడు.

బయట వాన వెలిసింది. కంకరనేలలకి పోయేవాళ్ళు కళ్ళు చికిలించుకుని ఎండకి ఎదురుగా మా దుకాణం ముందునుంచే నడిచి వెళ్ళారు. ఆయన గిన్నె ముందు కూర్చునే ఉన్నాడు. లోపల మూల బకెట్లో చివరి చుక్కలు ఒక్కొక్కటిగా పడుతున్నాయి.